డెస్క్‌టాప్ ఆన్ కానప్పుడు కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడం

"సిస్టమ్ ఆన్ కావడం లేదు" అని ఒక్క మాటలో చెప్పే ఫిర్యాదు వెనుక నాలుగు రకాల లోపాలు ఉండవచ్చు. బటన్ నొక్కితే లైటు గాని, ఫ్యాను గాని, చిన్న చప్పుడు గాని లేకపోవడం మొదటిది. ఫ్యాను క్షణంపాటు తిరిగి ఆగిపోవడం, లేదా ఆగి మళ్లీ తనంతట తానే తిరగడం రెండోది. ఫ్యాన్లన్నీ మామూలుగా తిరుగుతున్నా తెర నల్లగానే ఉండటం మూడోది. ఆన్ అయి, కొన్ని నిమిషాలు పనిచేసి, ఉన్నట్టుండి ఆరిపోవడం నాలుగోది. వీటి కారణాలు వేరు, వెతకవలసిన చోట్లూ వేరు. అందువల్ల స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోవడానికి ముందే ఒకసారి బటన్ నొక్కి, ఏ లైటు వెలిగింది, ఏ ఫ్యాను కదిలింది, ఎన్ని బీప్‌లు వినిపించాయి అన్నది గమనించి కాగితం మీద రాసుకోవాలి.

గోడలోని సాకెట్ నుంచి తెర దాకా కరెంటు ఒక క్రమంలో ప్రయాణిస్తుంది. ఆ దారిలో అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలిస్తే, చూడవలసిన భాగం ఏదో చాలావరకు తెలిసినట్టే. అది తెలుసుకోకుండా ముందు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు కావలసిన తక్కువ వోల్టేజీలకు మార్చే డబ్బా) మార్చి, ఫలితం లేకపోతే ర్యామ్ (తాత్కాలిక మెమరీ పలక) మార్చి, చివరికి భాగాలన్నీ కలిసే మదర్‌బోర్డు గురించి "బోర్డు పోయింది" అనే నిర్ణయానికి వచ్చే పద్ధతి హన్మకొండలోనైనా, పరకాలలోనైనా జేబుకు చిల్లు పెట్టేదే. మన దగ్గర డీటీపీ షాపుల్లో, జిరాక్స్ సెంటర్లలో, విద్యార్థుల గదుల్లో నడిచే డెస్క్‌టాప్‌లలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి, ఆరేడేళ్లుగా వాడుతున్నవి ఎన్నో ఉంటాయి కాబట్టి, ఊహతో ఒక్కో భాగాన్ని మార్చుకుంటూ పోతే మిషను విలువ కన్నా మరమ్మతు ఖర్చే పెరిగిపోతుంది.

క్యాబినెట్ మూత తీయడానికి ముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ప్లగ్‌ను సాకెట్ నుంచి పూర్తిగా తీసి, ఆ తరువాత పవర్ బటన్‌ను పది సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన చార్జి చాలావరకు దిగిపోతుంది. ఇక ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. దాని లోపలి పెద్ద కెపాసిటర్ 300 వోల్టులకు పైగా నిల్వ ఉంచుకుంటుంది, ప్లగ్ తీసిన తరువాత కూడా కొంతసేపు ప్రాణాంతకంగానే ఉంటుంది. ర్యామ్‌ను, బోర్డును ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ చార్జి పోతుంది. ఎండాకాలంలో కూలర్ పక్కన, తడి బండల మీద కూర్చొని ఈ పని చేయడం మంచిది కాదు.

గోడ దగ్గర

సాకెట్‌లో కరెంటు ఉందో లేదో టెస్టర్ పెట్టి చూసి, అది వెలిగిందని ముందుకు సాగిపోవడం మనకున్న అలవాటు. కానీ టెస్టర్ చూపించేది ఫేజ్ (కరెంటును తెచ్చే తీగ) ఉందన్న సంగతిని మాత్రమే. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ స్విచ్‌బోర్డు వెనుక వదులైనా, తెగినా టెస్టర్ మాత్రం ఎప్పటిలాగే వెలుగుతుంది. కంప్యూటర్‌కు మాత్రం కరెంటు అందదు. కాబట్టి అదే సాకెట్‌లో ఒక టేబుల్ ల్యాంపును గాని, హోల్డరుకు బిగించిన మామూలు బల్బును గాని పెట్టి చూడటమే నమ్మదగిన పరీక్ష. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే దాన్ని తప్పించి నేరుగా గోడ సాకెట్‌కే కలిపి చూడాలి. కూలర్, ఫ్రిజ్, కంప్యూటర్ మూడూ ఒకే బాక్సు మీద నడిచే ఇళ్లలో ఆ బాక్సు లోపలి ఇత్తడి రేకులు వేడికి సాగి, ప్లగ్ పిన్నులను గట్టిగా పట్టుకోలేని స్థితికి వస్తాయి. ప్లగ్‌ను కొద్దిగా కదిపినప్పుడు చిటపట శబ్దం వినిపిస్తే, నల్లబడిన మచ్చ కనిపిస్తే ఆ బాక్సును పారేయడమే మేలు.

మల్టీమీటర్ ఉంటే వోల్టేజీ కొలవాలి. మన దేశంలో ఇంటి సరఫరా 230 వోల్టులు, దానికి పది శాతం అటూ ఇటూ, అంటే 207 నుంచి 253 దాకా ఉండవచ్చు. వ్యవసాయ మోటార్లు ఒకేసారి నడిచే వేళల్లో ఊళ్లలో వోల్టేజీ ఇంతకన్నా తగ్గడం కొత్త విషయం కాదు. పాత ఎస్‌ఎంపీఎస్‌లకు వెనుక వైపు 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది ఎప్పుడూ 230 దగ్గరే ఉండాలి. దుమ్ము దులిపేటప్పుడు అది పొరపాటున 115 వైపు జరిగితే, ప్లగ్ పెట్టిన క్షణంలోనే పెద్ద చప్పుడుతో ఎస్‌ఎంపీఎస్ కాలిపోతుంది.

గోడ సాకెట్ బాగుందని తేలిన తరువాత పవర్ కార్డ్‌ను చూడాలి. మానిటర్లలో చాలావాటికి సరిగ్గా అదే రకం కార్డ్ ఉంటుంది కాబట్టి, రెండింటినీ అటూ ఇటూ మార్చి చూస్తే ఖర్చు లేకుండానే అనుమానం తీరుతుంది. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉండిపోయిందేమో కూడా చూడాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఇల్లు ఊడ్చిన మరుసటి రోజు వచ్చే ఫిర్యాదులకు ఇది కూడా ఒక కారణం.

క్యాబినెట్‌ను తాకితే చేతికి జివ్వుమంటుంటే, ఎర్తింగ్ పనిచేయడం లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్‌కు, న్యూట్రల్‌కు, ఇనుప డబ్బాకు మధ్య చిన్న ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు వాటి వల్ల డబ్బా మీద సరఫరా వోల్టేజీలో దాదాపు సగం నిలుస్తుంది. దాని గుండా వచ్చే కరెంటు స్వల్పమే అయినా, మానిటర్ కేబుల్ గాని, ప్రింటర్ కేబుల్ గాని తగిలించే క్షణంలో పోర్టును పాడుచేయగలదు. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య కొలిచిన వోల్టేజీ ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య ఉన్నదానికి దగ్గరగా ఉండాలి. వరంగల్, హన్మకొండ ప్రాంతం చాలాచోట్ల రాతి నేల. వేసవిలో ఎర్త్ గుంత తడి ఆరిపోతే దాని సామర్థ్యం పడిపోతుంది. అందుకే ఎండాకాలంలో ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం పాతకాలపు అలవాటే అయినా, ఇప్పటికీ వదులుకోదగినది కాదు.

యూపీఎస్‌ను తప్పించి చూడటం

బటన్ నొక్కగానే యూపీఎస్ కూడా కీచుమని ఆగిపోతుంటే లోపం కంప్యూటర్‌లో లేకపోవచ్చు. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్లకు దాని శక్తి తగ్గిపోతుంది. ఏ లోడూ లేనప్పుడు మీటరు మీద 12 వోల్టులకు పైగానే చూపించి, లోడు పడగానే 10 వోల్టుల దాకా జారిపోయే బ్యాటరీని మార్చక తప్పదు. కాబట్టి యూపీఎస్‌ను పూర్తిగా పక్కన పెట్టి, కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు కలిపి ఒకసారి చూడాలి.

ఇంటి మొత్తానికి ఇన్వర్టర్ ఉన్నచోట ఇంకో చిక్కు కనిపిస్తుంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఫ్యాన్లు, లైట్లు నడుస్తూనే ఉంటాయి గాని కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. సరఫరా ఆగిన తరువాత ఎస్‌ఎంపీఎస్ తనలోని నిల్వతో నెట్టుకురాగలిగేది సుమారు 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా మారితే బోర్డు ఆగిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనుక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ వైపు పెడితే మార్పిడి వేగంగా జరుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చేముందు ఆ స్విచ్‌ను చూడటం న్యాయం.

బటన్, ఎస్‌ఎంపీఎస్

ఇప్పుడు మూత తీయవచ్చు. ప్లగ్ పెట్టి, బటన్ నొక్కకుండానే మదర్‌బోర్డు మీద చిన్న లైటు ఏదైనా వెలుగుతుందేమో, లేదా వెనుక నెట్ కేబుల్ పెట్టే చోట లైటు మిణుకుతుందేమో చూడాలి. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఒక ఊదారంగు తీగ ద్వారా బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. బటన్ నొక్కిన సంగతిని బోర్డు తెలుసుకునేది ఆ కరెంటుతోనే. స్టాండ్‌బై లైటు వెలిగి, బటన్‌కు స్పందన లేకపోతే మొదటి అనుమానం బటన్ మీదికే పోవాలి.

క్యాబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్నని తీగలు బోర్డు అంచున, ఒక మూలన ఉన్న చిన్న పిన్నుల వరుసకు కలుస్తాయి. వాటిలో పవర్ స్విచ్‌కు సంబంధించిన రెండు పిన్నులు ఏవో బోర్డు మీద ముద్రించి ఉంటుంది, లేదంటే ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. స్విచ్ తీగను ఊడదీసి, ఆ రెండు పిన్నులను మాత్రమే స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపాలి. సిస్టమ్ ఆన్ అయితే లోపం బటన్‌దే. వెంటనే కొత్తది దొరకకపోయినా ఇబ్బంది లేదు; రీసెట్ బటన్ తీగను తెచ్చి పవర్ పిన్నులకు కలిపితే, ఇకనుంచి రీసెట్ బటనే పవర్ బటన్‌గా పనిచేస్తుంది. రెండు బటన్లూ లోపల ఒకే రకంవి కాబట్టి దీనివల్ల నష్టమేమీ లేదు.

స్టాండ్‌బై లైటు కూడా లేకపోతే, పిన్నులు కలిపినా కదలిక రాకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలి. ప్లగ్ తీసి, బోర్డుకు, డిస్కులకు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే కనెక్టర్లన్నింటినీ ఊడదీయాలి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది, దానికి రెండు పక్కలా నల్ల తీగలే ఉంటాయి. ఒక జెమ్ క్లిప్పును యూ ఆకారంలో వంచి, దాని ఒక కొసను ఆకుపచ్చ తీగ రంధ్రంలో, రెండో కొసను పక్కనున్న నల్ల తీగ రంధ్రంలో లోహం తగిలేలా దూర్చాలి. ఆ తరువాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయాలి. కరెంటు ఉండగా క్లిప్పును ముట్టుకోకూడదు. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరిగితే అది మేలుకున్నట్టు. కొన్ని ఖరీదైన రకాల్లో లోడు లేనప్పుడు ఫ్యాను తిరగదు, అది లోపం కాదు.

ఫ్యాను తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగుందని తీర్పు చెప్పడం తొందరపాటు. మల్టీమీటర్ నల్ల మొనను ఏదైనా నల్ల తీగకు పెట్టి, పసుపు తీగ దగ్గర 11.4 నుంచి 12.6, ఎర్ర తీగ దగ్గర 4.75 నుంచి 5.25, నారింజ తీగ దగ్గర 3.14 నుంచి 3.47 వోల్టులు వస్తున్నాయేమో చూడాలి. బూడిదరంగు తీగ దగ్గర దాదాపు 5 వోల్టులు రావాలి. మిగిలిన వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయని బోర్డుకు చెప్పే సంకేతం అదే, అది రాకపోతే బోర్డు ముందుకు కదలదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, అసలు లోడు పడినప్పుడు కుప్పకూలే ఎస్‌ఎంపీఎస్‌లు లేకపోలేదు. అనుమానం మిగిలితే, స్నేహితుడి సిస్టమ్‌లో పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్‌ను గంటసేపు అడిగి తెచ్చుకుని పెట్టి చూడటం కన్నా గట్టి పరీక్ష ఇంకొకటి లేదు.

తీగలన్నీ నల్లగా ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో ఈ క్లిప్పు పరీక్షను ఊహ మీద చేయకూడదు. డెల్, హెచ్‌పీ వంటి కంపెనీల ఆఫీసు మోడళ్లు కొన్నింటికి 24 పిన్నుల కనెక్టరే ఉండదు, వాటి పిన్నుల అమరిక పూర్తిగా వేరు. వాటి జోలికి ఈ పద్ధతిలో పోకపోవడమే మంచిది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనవలసి వస్తే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లను చూసి మోసపోకూడదు. పక్కన ఉన్న పట్టికలో 12 వోల్టుల వరుసలో ఎన్ని యాంపియర్లు రాశారో చూసి 12తో గుణించాలి. 450 వాట్లని రాసిన డబ్బా మీద 12 వోల్టులకు 14 యాంపియర్లే ఉంటే, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు అందేది 168 వాట్లే.

తిరిగి ఆగిపోతుంటే

ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతే, ఎక్కడో షార్టు ఉందని పసిగట్టి ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని ముందుగా అనుకోవాలి. ఇక్కడ ఎక్కించడం కాదు, దించడమే పద్ధతి. గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులు, డీవీడీ డ్రైవ్, ముందు వైపు యూఎస్‌బీ తీగలు, వెనుక పెట్టిన ప్రింటర్, పెన్ డ్రైవ్ అన్నీ తీసేసి, బోర్డు, ప్రాసెసర్, దాని మీద బిగించిన కూలర్ (వేడి తీసే ఫ్యాను), ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి చూడాలి. అలా ఆన్ అయితే, ప్రతిసారీ ప్లగ్ తీసి ఒక్కో భాగాన్నే తిరిగి కలుపుతూ పోవాలి. ఏది కలిపినప్పుడు మళ్లీ ఆగిందో దోషి అదే.

జిరాక్స్ సెంటర్ల మిషన్లలో ముందు వైపు యూఎస్‌బీ పోర్టును ప్రత్యేకంగా టార్చిలైటు వేసి చూడాలి. రోజంతా ఎవరెవరో పెన్ డ్రైవ్‌లను తలకిందులుగా నెట్టిన పోర్టులో లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగి, నాలుగు రాగి పలకలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఆ పోర్టు తీగను బోర్డు నుంచి ఊడదీస్తే చాలు, "బోర్డు పోయింది" అనుకున్న సిస్టమ్ లేచి కూర్చుంటుంది.

ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ పూర్తిగా దిగిందో లేదో చూడటం కూడా ఇక్కడే అవసరం. పెద్ద కనెక్టర్ ఒక్కటే పెట్టి ఇది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గాని ప్రాసెసర్ నిద్ర లేవదు. ఇటీవలే బోర్డును కొత్త క్యాబినెట్‌లోకి మార్చి ఉంటే, బోర్డు కింద అవసరం లేని చోట ఇత్తడి స్టాండ్ మిగిలి వెనుక భాగాన్ని తాకుతోందేమో చూడాలి. అనుమానం తీరకపోతే బోర్డును బయటికి తీసి పొడి అట్టముక్క మీద పెట్టి నడిపి చూడవచ్చు. బోర్డు మీది కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా అవి పోయినట్టే. ఎస్‌ఎంపీఎస్ జాలీ సందుల్లో షార్టుకు కారణమైన చచ్చిన బల్లి కనిపించడం మన ఇళ్లలో అంత అరుదేమీ కాదు.

ఫ్యాను తిరిగినా తెర రాకపోతే

ముందు మానిటర్. కేబుల్ ఏ పోర్టుకు పెట్టామో మానిటర్ మెనూలో అదే సోర్స్ ఎంచుకుని ఉండాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్‌ను దానికే పెట్టాలి, బోర్డు పోర్టుకు కాదు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి వాటితో బోర్డు పోర్టు నుంచి ఎప్పటికీ బొమ్మ రాదు.

ఆ తరువాత ర్యామ్. దీనికి కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే తెర రాని పాత సిస్టమ్‌లలో ఫలితం ఎక్కువగా దక్కేది ఇక్కడే. ప్లగ్ తీసి, స్లాటు చివరల్లో ఉన్న క్లిప్పులను బయటికి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. కింది అంచున వరుసగా ఉన్న బంగారు రంగు పలకలను వెలుతురులో పెట్టి చూస్తే, కొన్ని మెరుస్తూ, కొన్ని మసకబారి గోధుమరంగు పొరతో కనిపిస్తాయి. వానాకాలపు తేమకు, దుమ్ముకు ఏర్పడే పొర అది. పిల్లలు పెన్సిల్ గీతలు చెరపడానికి వాడే మెత్తని తెల్ల రబ్బరుతో ఆ పలకలను పై నుంచి అంచు వైపు, ఒకే దిశలో, రెండు వైపులా సున్నితంగా రుద్దాలి; ఇంకు చెరిపే గరుకు రబ్బరు వాడితే బంగారు పూతే లేచిపోతుంది. రబ్బరు పొట్టును పొడి బ్రష్‌తో దులిపి, స్లాటులోని దుమ్మును కూడా తీసి, ర్యామ్ మధ్యలోని గంటును స్లాటులోని గట్టుతో సరిచూసుకుని, రెండు చివరలా సమానంగా నొక్కాలి. క్లిప్పు టక్కుమని పడిన శబ్దం వినిపించేదాకా అది పూర్తిగా దిగలేదనే అనుకోవాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోదాన్ని విడిగా, ఒక్కో స్లాటులో పెట్టి చూడాలి.

బోర్డుకు బీప్ స్పీకరు ఉంటే మరో పరీక్ష ఉంది. ర్యామ్ అంతా తీసేసి ఆన్ చేసినప్పుడు బోర్డు బీప్‌మని మొత్తుకుంటే, ప్రాసెసర్, బయోస్ (సిస్టమ్‌ను మొదట లేపే, బోర్డులోని ప్రోగ్రాం) సజీవంగా ఉన్నాయని అర్థం; నిశ్శబ్దంగా ఉంటే అనుమానం బోర్డు, ప్రాసెసర్ల వైపు మళ్లుతుంది. కొన్ని కొత్త బోర్డులలో స్పీకరుకు బదులు సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అని రాసిన నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది ఆరకుండా నిలిచిపోయిందో అక్కడ వెతకాలి.

చివరగా బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. ఇది 3 వోల్టులది, పదుల రూపాయల్లో దొరుకుతుంది. ఇది అయిపోతే సాధారణంగా తేదీ, సమయం తప్పుతాయి. కొన్ని పాత బోర్డులు మాత్రం ఆన్ కావడానికే మొరాయిస్తాయి. ప్లగ్ తీసి, బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి తిరిగి పెడితే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త సిస్టమ్‌లలో ఇలా చేసిన తరువాత మొదటిసారి తెర రావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ సమయంలో కంగారుపడి స్విచ్ తీయకూడదు.

నడుస్తూ నడుస్తూ ఆరిపోతే

ఇది ఎక్కువగా వేడి సమస్య. ప్రాసెసర్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, వేడి ఇంకా పెరిగితే తనను కాపాడుకోవడానికి సిస్టమ్‌ను ఆపేస్తుంది. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు ఉన్నప్పుడు, ప్రాసెసర్ కూలర్ రెక్కల మధ్య దుమ్ము దట్టంగా పేరుకుంటే ఆ స్థితికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాల లాంటి చోట్ల పత్తి నూగు, మిర్చి దుమ్ము రెండూ ఉంటాయి కాబట్టి మూడు నెలలకోసారైనా బ్లోయర్ పట్టాలి. అలా పట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి ఉంచాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి లేచినా కూలర్ ప్రాసెసర్‌కు ఆనదు. కూలర్ తీసిన ప్రతిసారీ పాత థర్మల్ పేస్టును (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే లేపనాన్ని) తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టాలి.

ఉరుములతో గాలివాన వచ్చిన మరుసటి రోజు నుంచే ఇబ్బంది మొదలైతే నెట్ కేబుల్‌ను తీసేసి ఆన్ చేసి చూడాలి. పిడుగు ప్రభావం కరెంటు తీగ గుండానే కాదు, ఇంటి మీదుగా వచ్చే నెట్ కేబుల్ గుండా కూడా బోర్డుకు చేరుతుంది.

షాపుకు తీసుకెళ్లవలసి వస్తే

ఇంతదాకా చూసినా లోపం తేలకపోతే మిగిలేవి బోర్డు, ప్రాసెసర్. వాటిని ఇంట్లో పరీక్షించడం కష్టం. షాపుకు బయలుదేరే ముందు హార్డ్ డిస్కును గాని, ఎస్‌ఎస్‌డీని గాని విప్పి ఇంట్లోనే పెట్టుకోవడం మంచిది. ఆన్ కాని సిస్టమ్‌లోనూ డిస్కులోని డేటా సాధారణంగా అలాగే ఉంటుంది, బయోస్ తెర వస్తోందో లేదో చూడటానికి డిస్కుతో పని లేదు. ఏయే పరీక్షలు చేశారో, ఏ వోల్టేజీలు వచ్చాయో రాసుకున్న కాగితాన్ని మెకానిక్ చేతికి ఇవ్వాలి. ఏ భాగం మార్చినా పాతదాన్ని తిరిగి ఇవ్వమని, బిల్లు మీద కొత్త భాగం సీరియల్ నంబరు రాయమని ముందే చెప్పాలి. బోర్డు మార్చాలని అంటే, అదే ప్రాసెసర్‌కు, అదే ర్యామ్‌కు సరిపోయే బోర్డు దొరుకుతుందా, లేక మూడూ కలిపి మార్చవలసి వస్తుందా అని అడిగి, ఆ మొత్తానికి ఇంకో సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ వస్తుందేమో లెక్క చూసుకున్న తరువాతే ఒప్పుకోవాలి.